అక్క ఇల్లు వెనక్కి

అక్టోబర్ 11

అక్క ఫోన్ చేసింది. తుఫానుకు లైన్లు పాడైనట్టున్నాయి, ఒక్క ముక్క సరిగా వినపడలేదు. మా ఆవిడ తీసుకుని మాట్లాడింది. "మేం బాగానే ఉన్నాం, తమ్ముడికి రానక్కర్లేదని చెప్పు" అందట అక్క.

రానక్కర్లేదు అని అక్క అన్నదంటే బయలుదేరమని అర్థం. రేపు పొద్దున్నే బస్సు.

అక్టోబర్ 12

బావ బస్సు దగ్గరికి వచ్చాడు. దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఈ సముద్రం ఒడ్డు మనుషులంతా గొణుగుతారు. గాలి మాటలు ఎత్తుకుపోతుందని తెలిసీ గొంతు పెంచరు.

ఇల్లు చూశాను. బాగానే ఉంది. గోడల్లో పగులు లేదు, తలుపులు నిక్కచ్చిగా పడుతున్నాయి. బాగాలేనిది ఇంటి ముందున్న నేల. ఇల్లు కట్టింది ఇసుక దిబ్బ వెనక వాలు మీద. పోయినసారి వచ్చినప్పుడు వరండా ముందు ఆ దిబ్బ ఏనుగు వీపులా ఉండేది, నిండా తీగలు అల్లుకుని. దాని అవతల పిల్లలు బంతాట ఆడుకునేంత ఒడ్డు, ఆ తర్వాత సముద్రం. ఇప్పుడు ఆ ఏనుగు సగమే ఉంది. కత్తి పెట్టి కోసినట్టు నిలువుగా తెగింది. తెగిన చోట తీగల వేళ్లు జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతున్నాయి. వరండా ముందు మంచం అడ్డంగా వేస్తే సరిపోయేంత నేల మిగిలింది. ఆ తర్వాత గొయ్యి, గొయ్యి కింద నీళ్లు.

"ఏమంటావు?" అన్నాడు బావ.

"ఇల్లు జరపాలి" అన్నాను.

అక్క చేతిలో గరిటె ఉంది కాబట్టి అంతటితో ఆపాను.

అక్టోబర్ 13

ఉద్యోగం తీరిక చూసుకుని మేనకోడలు టౌన్ నుంచి వచ్చింది. ఒడ్డు ఎంత పెరిగింది, ఎంత తరిగింది అని కొలవడం దాని పని. ఒక పొడుగాటి కర్ర, చేతిలో చెప్పులు. చిన్నప్పుడు గవ్వలేరుకుంటూ తిరిగింది, ఇప్పుడు జీతం తీసుకుని తిరుగుతోంది.

నలుగురం వరండాలో కూర్చున్నాం. బావ మనసులో ఉన్నది రాళ్లు. పక్క మేడ ఆయన పోయినేడాది తన ఇంటి ముందు బండరాళ్లతో గోడ కట్టించాడు. ఊళ్లో ఆయన్ని రాళ్లాయన అనే అంటున్నారు. "ఆయనకి తెచ్చిన లారీలవాడే మనకీ తెస్తాడు. వారంలో పని అయిపోతుంది" అన్నాడు బావ.

"రాయి ఇంటిని కాస్తుంది నాన్నా, ఒడ్డుని కాయదు" అంది అమ్మాయి. "అల రాయికి కొట్టుకుని వెనక్కి పోతూ ముందున్న ఇసుకంతా తవ్వుకుపోతుంది. గోడ ఆగిపోయిన చోట చుట్టూ తిరిగొచ్చి పక్కవాళ్ల దిబ్బ తింటుంది. మన దిబ్బ ఆయన వైపు మూలే ఎందుకు ఎక్కువ తెగిందో వెళ్లి చూడు."

బావ వెళ్లి చూడలేదు. చూడకుండానే తెలిసినట్టుంది.

"అయితే ఇసుకంతా పోయినట్టేనా?" అన్నాను.

అది లేచి, నా ముందుకొచ్చి నిలబడి, చెయ్యి చాపి చూపించింది. "ఎక్కడికీ పోలేదు మామయ్యా. అక్కడ అలలు ఒడ్డుకి రాకముందే విరుగుతున్నాయి చూశావా, ఆ తెల్లటి గీత? అక్కడ నీళ్ల కింద గట్టు కట్టుకుంది. తుఫాను దిబ్బని కోసి అక్కడ దాచుకుంది. సముద్రం నెమ్మదించాక చిన్నచిన్న అలలు దాన్నే మళ్లీ మోసుకొచ్చి ఒడ్డు చేస్తాయి."

"మరింకేం. తెచ్చి ఇచ్చేదానికి ఇల్లు జరపడం ఎందుకు?" అన్నాడు బావ.

"ఒడ్డు కొన్ని నెలల్లో వస్తుంది. దిబ్బ రాదు. దిబ్బని కట్టాల్సింది గాలి, పట్టుకోవాల్సింది గడ్డి. ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంకో తుఫాను వస్తే మధ్యలో ఆపడానికి ఒడ్డు లేదు, అల నేరుగా దిబ్బ కాళ్ల మీదికే వస్తుంది. మొదటిది తలుపు తీసి వెళ్లింది నాన్నా. రెండోది లోపలికొస్తుంది."

అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. అమ్మాయిని అడిగింది. "మనం రాళ్లేస్తే అటుపక్క ఎవరిది తెగుతుంది?"

"ఈత టీచరు ఇంటిది."

అక్క టీచరు ఇంటి వైపు చూసింది. యాభై ఏళ్లు దాటాక అక్కకి ఈత నేర్పింది ఆవిడే.

"మనకంటిన జలుబు తీసుకెళ్లి ఆవిడకి అంటించనా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "జరుపు. కానీ ఇంట్లోంచి నేను దిగను. చెబుతున్నా."

"నువ్వు లోపల కూర్చుని కాఫీ తాగు. కప్పులో కాఫీ తొణికితే నా పేరు మార్చుకుంటా" అన్నాను.

ఊరికే అన్న మాట కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక బ్యాంకునే వెనక్కి జరిపాను. లోపల గుమాస్తాలు పని చేసుకుంటూనే ఉన్నారు.

అక్టోబర్ 20

మేస్త్రి, మనుషులు దిగారు. జాకీలు, ఇనుప చానళ్లు, పట్టాలు, రోలర్లు లారీ నిండా వచ్చాయి. రోడ్డు వైపు, దిబ్బ దిగాక, అక్క కూరగాయల మడి వెనక నేల గట్టిగా ఉంది. కొత్త పునాది అక్కడ.

మేస్త్రి ఎప్పుడూ నా కుడి పక్కనే నిలబడతాడు. వాడికదో అలవాటు.

నవంబర్ 2

పునాది కాంక్రీటు అయింది. ఆరాలి. ఆరేదాకా తొందరపడకూడదు. తొందరపడి లేపిన ఇల్లూ తొందరపడి చేసిన పెళ్లీ ఒకటే, పగులు తర్వాత కనిపిస్తుంది.

మా ఆవిడ ఈమధ్య ఫోన్ చేయడం మానేసి మెసేజ్‌లు పెడుతోంది. వేళ్లకి పని కావాలి కాబోలు. ఇవాళ పెట్టింది: "తిరిగొచ్చాక ఒక చోటికి వెళ్లాలి, కాదనకు." ఏ చోటో రాయలేదు. నేనూ అడగలేదు.

నవంబర్ 9

సముద్రం చెరువులా ఉంది. నిజంగానే కొంచెం ఇసుక వెనక్కి వచ్చింది. నీళ్ల అంచున కొత్త ఒడ్డు, సన్నగా, పలచగా. బావ దాన్ని చూసి మెత్తబడ్డాడు. "చూశావా, తెస్తోంది. ఒక ఏడాది ఆగితే పోయేది." వినపడనట్టు ఊరుకున్నాను.

ఒడ్డుకి దిగడానికి దిబ్బ మధ్యలోంచి తిన్నగా ఒక కాలిబాట ఉంది. నడిచీ నడిచీ అక్కడ గడ్డి చచ్చింది, దిబ్బ కుంగి కాలవలా అయింది. దాన్ని ఇసుక బస్తాలతో మూయమని అమ్మాయి చెప్పింది. బావ సరేనన్నాడు. బావ సరే అన్నాడంటే అది వచ్చే ఏడాది పని.

నవంబర్ 23

ఇల్లు లేచింది.

గోడల కింద కొంచెం కొంచెంగా కోసి, చానళ్లు దూర్చి, జాకీలు పెట్టాం. ఒక్కో జాకీ దగ్గర ఒక్కో మనిషి. నా విజిల్ ఒకసారి మోగితే అందరూ ఒక్క పట్టు తిప్పాలి, రెండుసార్లు మోగితే ఆగాలి. "నా విజిల్ తప్ప దేవుడు దిగొచ్చి చెప్పినా వినకండి" అని ముందే చెప్పాను. ప్రతి పనిలోనూ అదే చెబుతాను. పది మంది పది మాటలు విన్నారంటే ఇల్లు పది ముక్కలు.

సాయంత్రానికి పునాదికీ ఇంటికీ మధ్య సందులోంచి అటువైపు సముద్రం కనిపించింది. అక్క వంగి కిందినుంచి చూసి, "ఇన్నేళ్లూ మేం పడుకున్నది దీని మీదా" అంది.

కాఫీ తొణకలేదు.

నవంబర్ 26

ఈరోజు రాయడానికేమీ లేదు.

నవంబర్ 27

గాలి ఎక్కువగా ఉంది నిన్న. ఆ గాలిలో ఎవరికైనా వినపడదు.

నవంబర్ 28

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

మొన్న ఇంటిని పట్టాల మీదికి దించి, రోలర్ల మీద వెనక్కి నెట్టడం మొదలుపెట్టాం. పొద్దుట బాగా జరిగింది. అరచెయ్యంత, మళ్లీ అరచెయ్యంత. ఇల్లు చుట్టాలింటికి బయలుదేరిన ముసలమ్మలా నెమ్మదిగా నడుస్తోంది. నేను ఇల్లు కదిలే వైపు, వంటగది పక్కన నిలబడి విజిల్ ఊదుతున్నాను. మేస్త్రి వెనక, సముద్రం వైపు పట్టాలు చూసుకుంటున్నాడు. అక్క లోపల వంటగదిలో ఉంది.

మధ్యాహ్నం విజిల్ ఊదాను. జరిగింది. ఇంకోసారి ఊదాను. జాకీల దగ్గర మనుషులు నన్ను వింతగా చూస్తున్నారు, అయినా తిప్పారు. మూడోసారి ఊదబోతుంటే వంటగది కిటికీలోంచి స్టీలు గిన్నె ఒకటి ఎగిరొచ్చి నా కాళ్ల ముందు పడింది.

తలెత్తి చూశాను. కిటికీలో అక్క. నోరు తెరిచి ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. మాట మాత్రం లేదు. రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది.

రెండుసార్లు ఊదాను.

వంటగది మూల కింద పట్టా ఇసుకలోకి దిగిపోయింది. ఆ మూల కుంగి, కిటికీ అంచు నుంచి చూరు దాకా చెయ్యి దూరేంత పగులు పడింది. ఇంకొక్క విజిల్ పడి ఉంటే గోడ అక్క మీద కూలేది. అక్క ఆ మొదటి విజిల్ అప్పటి నుంచే అరుస్తోందట. గోడ ముందు మూలిగిందట, తర్వాత పటపటమందట. అందరూ విన్నారు. నా మాట మీద నిలబడి ఎవరూ ఆగలేదు. మేస్త్రి వెనకనుంచి పరుగెత్తుకొచ్చేలోగా గిన్నె వచ్చింది.

"గాలి" అన్నాను మేస్త్రితో.

వాడు నా ముఖం చూసి, "అవునన్నా, గాలి" అన్నాడు.

వాడు అలా అన్నందుకే నిద్ర పట్టలేదు.

ఇవాళ మూల మళ్లీ ఎత్తి, కింద దిమ్మలు పేర్చి, గోడకి ఆసరా కట్టాం. పగులుకి సిమెంటు కూరాం. పని నా చేతికి రానిది కాదు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని పట్టాల లెవెల్ చూసుకుంటుంటే అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడే నీ వెనక నిలబడి మూడుసార్లు పిలిచాను" అంది. "నాలుగోసారి తిట్టాను."

"ఏమని?"

"అది చెప్పను. నాన్న ఉంటే నన్ను కొట్టేవాడు." నా చేతిలో లెవెల్ తీసి పక్కన పెట్టింది. "ఎప్పటినుంచి?"

చాలా జవాబులు సిద్ధంగా ఉన్నాయి. జలుబు, గాలి, జాకీల మోత.

"ఎడమ చెవి పోయి రెండేళ్లయింది. కుడిది ఈ ఏడాదే" అన్నాను. అన్నాక చూసుకుంటే నాకు అంతా తెలుసు. నెలలతో సహా తెలుసు.

"మీ ఆవిడకి?"

"తెలిసే ఉంటుంది. మెసేజ్‌లు పెడుతోంది."

"మేస్త్రికి?"

కుడి పక్కన నిలబడే మేస్త్రి.

"అయితే నీకు ఒక్కడికే తెలియదన్నమాట" అంది అక్క. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. ఆపుకోలేకపోయింది. నాకు కోపం రావాలి, రాలేదు. నవ్వాగాక కళ్లు తుడుచుకుంది. అవి నవ్వు నీళ్లో కావో నేను అడగలేదు. మొన్న ఆ గోడ పక్కనే నిలబడి ఉన్నది అక్క. నా అక్క.

"పని మేస్త్రికి అప్పజెప్పి నేను వెళ్లిపోతాను" అన్నాను.

"ఎక్కడికి? నా ఇల్లు దారి మధ్యలో పెట్టి?"

నవంబర్ 30

అమ్మాయి టౌన్ నుంచి పరుగున వచ్చింది. సముద్రంలో ఇంకోటి తయారవుతోందట. ఇటే రావచ్చు, పక్కకీ పోవచ్చు. వస్తే నాలుగైదు రోజుల్లో వస్తుంది.

ఇల్లు పట్టాల మీద ఉంది. పాత పునాది మీదా లేదు, కొత్త పునాది మీదా లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

బావ తల పట్టుకున్నాడు. నేను పట్టుకోలేదు. మెడలోంచి విజిల్ తీసి అక్క చేతిలో పెట్టాను.

"ఇదేంటి?"

"ఇన్నేళ్లుగా ఆ గోడల మధ్య ఉన్నావు. ఏ తలుపు ఎలా కిర్రుమంటుందో, ఏ దూలం వానకి ఎలా మూలుగుతుందో నీకు తెలిసినట్టు నాకు చెవులున్నప్పుడు కూడా తెలియదు. వినడం నీ పని. చూడడం నా పని. తేడా వినపడితే రెండుసార్లు ఊదు, ఎవరినీ అడగకు."

"నిన్ను కూడా?"

"నన్ను అసలే అడగకు."

మనుషులందర్నీ పిలిచి నిలబెట్టాను. "నాకు చెవులు పనిచేయట్లేదు. మొన్న అక్కయ్యగారు గిన్నె విసరకపోతే మనం ఇవాళ ఇక్కడ ఉండేవాళ్లం కాదు. ఇకనుంచి విజిల్ ఆవిడది. నేను చెయ్యెత్తితే ఆపండి. ప్రమాదమనిపిస్తే ఎవరైనా, ఎవరైనా సరే, ఆపమని అరవొచ్చు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది కొంచెం బాధగా ఉంది.

డిసెంబర్ 3

ఇల్లు కొత్త పునాది మీద కూర్చుంది.

మూడు రోజుల పని రెండు రోజుల్లో అయింది. అక్క నడవలో కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కో పట్టుకీ ముందు తల కొంచెం పక్కకి వంచేది. దారిలో చాలాసార్లు ఆపింది. ఒకసారి అలమారలో సీసా దొర్లింది. ఒకసారి బావ దగ్గాడు. మిగిలినప్పుడు నిజంగానే ఏదో ఉంది. ఒక రోలర్ పక్కకి జారడం నేను చూడకముందే ఆమె విన్నది.

ఈ పనిలో ఇంత శుభ్రంగా ఇల్లు జరిపినట్టు నాకు గుర్తు లేదు. రాళ్లాయన కూడా మేడ మీదనుంచి చూస్తూ నిలబడ్డాడు.

డిసెంబర్ 4

వస్తోంది. సామాను అటకల మీద పెట్టి, అందరం టౌన్‌లో అమ్మాయి గదులకి చేరాం.

డిసెంబర్ 5

పొద్దుటినుంచీ తుఫాను. అందరూ ఉలికిపడుతున్నారు, నేను ఒక్కణ్ణే కుదురుగా ఉన్నాను. తర్వాత గోడ మీద అరచెయ్యి పెట్టాను. గోడ వణుకుతోంది. అప్పుడు నాకూ తెలిసింది.

బావ నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టాడు. ఇద్దరం చాలాసేపు అలాగే నిలబడ్డాం.

డిసెంబర్ 7

దారి తెరిచారు. వెళ్లాం.

పాత ఇంటి చోటు లేదు. పాడైపోవడం కాదు, లేనే లేదు. పునాది రాళ్లు నీళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తున్నాయి. మంచం వేసేంత నేల, వరండా మెట్లు, అక్క బట్టలారేసే స్తంభాలు, అన్నీ పోయాయి. తెగిన అంచు ఇప్పుడు పాత వంటగది ఉన్న చోటిదాకా వచ్చింది. దాని వెనక, అంచుకీ కొత్త చోటికీ మధ్య, మిగిలిన దిబ్బ నిలబడింది. చిన్నదే. కానీ నిలబడింది.

ఇల్లు నిటారుగా ఉంది. నేను కూరిన పగులు తెరుచుకోలేదు. కాలిబాట ఉన్న చోట మాత్రం నీళ్లు దారి దొరికి లోపలికి వచ్చాయి. వస్తూ తెచ్చిన ఇసుకని విసనకర్రలా పరిచి పోయాయి. కూరగాయల మడి కనిపించడం లేదు. ముందు గదిలో చీలమండలు మునిగేంత ఇసుక.

"బస్తాలు వేద్దామనుకున్నాను" అన్నాడు బావ.

అక్క వెళ్లి పార తెచ్చి బావ చేతికిచ్చింది.

రాళ్లాయన మేడ కూడా నిలబడింది. దాని ముందు ఒడ్డు లేదు. అలలు నేరుగా బండరాళ్లకి కొట్టుకుంటున్నాయి. కింద ఇసుక తవ్వుకుపోయి ముందు వరస రాళ్లు నీళ్లలోకి దొర్లాయి. ఒడ్డుకి దిగే మెట్లు గాల్లో వేలాడుతున్నాయి.

డిసెంబర్ 19

ఇంట్లో ఇసుక తోడి దిబ్బ మీదికే మోసి పోశాం. పాత బాట మూసేశాం. కొత్తది వంకరగా, పలకలు పరిచి పైనుంచి దింపాం, నీళ్లకి తిన్నటి దారి లేకుండా. అంచు వెంట సన్న కర్రలతో తడిక కట్టించింది అమ్మాయి. గాలి తెచ్చే ఇసుక దాని దగ్గర ఆగుతుందట. పది రోజులకే తడిక కాళ్ల దగ్గర ఇక్కడొక పిడికెడు, అక్కడొక పిడికెడు ఇసుక చేరింది. ఏళ్లు పడుతుందన్న పని మొదలైంది. ఈత టీచరు తన వైపు కూడా తడిక కట్టించుకుంటోంది.

సాయంత్రం వరండాలో అక్క మొహం ముడుచుకుని కూర్చుంది.

"ఏమైంది?"

నా ముందుకొచ్చి, గట్టిగా, విడమరిచి చెప్పింది. ఇప్పుడు ఇంట్లో అందరూ అలాగే చెబుతున్నారు. "ఇక్కడినుంచి సముద్రం కనిపించదు. దిబ్బ అడ్డం. చప్పుడు వినాల్సిందే తప్ప."

"నయం. నాకు రెండూ లేవు" అన్నాను.

"అయితే లే" అంది. ఇద్దరం పలకల బాట మీద దిబ్బ ఎక్కాం. చాలా దూరంలో తెల్లటి గీత మళ్లీ కనిపిస్తోంది, ఈసారి ఇంకా లావుగా. అక్క వంటగది ఆ గీత కింద ఎక్కడో ఉంది. దాన్ని సముద్రం ఎన్ని నెలలకి తెచ్చి ఇస్తుందో అమ్మాయి కొలుస్తుంది. మేం చీకటి పడేదాకా నిలబడలేదు. అక్కకి మోకాళ్లు నొప్పి.

డిసెంబర్ 21

రేపు ప్రయాణం. మా ఆవిడ రాసిన "ఒక చోటు" చెవుల డాక్టరు దగ్గరట. అక్కా ఆవిడా కలిసి అక్టోబరులోనే మాట్లాడుకున్నారట. ఏమీ తెలియనట్టు మీ ఆవిడకి తెలుసా అని నన్ను అడిగింది మాత్రం అక్కే. సరే. వెళ్తాను.

లారీకి జాకీలు ఎక్కిస్తుంటే రాళ్లాయన వచ్చాడు. ఇన్నాళ్లలో మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. అటూ ఇటూ చూసి, మేస్త్రి దూరం వెళ్లేదాకా ఆగి, నేల చూస్తూ ఏదో అన్నాడు. చాలాసేపు అన్నాడు. మధ్యలో రెండుసార్లు తన మేడ వైపు చెయ్యి చూపించాడు. అడగడానికి ఎంత కష్టపడుతున్నాడో పెదాలు చూస్తేనే తెలుస్తోంది. తల ఊపి, "చూద్దాంలెండి" అని పంపేయొచ్చు. రెండేళ్లుగా అందరితోనూ అదే చేశాను.

"మీరు చెప్పింది నాకు వినపడలేదండీ" అన్నాను. "నాకు చెవుడు. నా ముఖం చూసి, గట్టిగా చెప్పండి."

ఇల్లు జరిపేవాడికి చెవుడంటే ఎవడైనా వెనక్కి తగ్గుతాడు. తగ్గితే తగ్గనీ అనుకున్నాను.

ఆయన తలెత్తాడు. ఇంకొంచెం దగ్గరికి జరిగి, మళ్లీ మొదటినుంచీ చెప్పాడు.